సంగీతం అన్న మాట పక్కన

ఫిబ్రవరి 4, శనివారం

అన్నయ్య నాలుగు పేజీలు రాయమన్నాడు. కంపెనీకి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. మనం వేసిన పాత రికార్డుల్లోంచి పన్నెండు పాటలు ఏరి మళ్ళీ ఒక ఎల్పీ రికార్డుగా తెస్తున్నాం. దానితోపాటు చిన్న పుస్తకం, అందులో మన చరిత్ర. "నువ్వయితే బాగా రాస్తావు చెల్లీ. నేను రాస్తే సెలవుచీటీలా ఉంటుంది" అన్నాడు.

పొద్దున్నుంచి కూర్చుంటే ఒక్క వాక్యం వచ్చింది. "రేడియోలు బాగుచేసే షాపు వెనక గదిలో మా నాన్నగారు ఈ కంపెనీని మొదలుపెట్టారు." దాని తర్వాత ఏం రాయబోయినా అత్త అడ్డం వస్తోంది. ఆ కాగితం పక్కన పెట్టి ఈ డైరీ తీశాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి ఇందులో అడ్డం వచ్చినా ఫరవాలేదు.

ఫిబ్రవరి 5

రాయలేదు.

ఫిబ్రవరి 7

ఆ వెనక గది.

పక్కనే కలప డిపో. రోజంతా రంపం మోత. మధ్యాహ్నం ఒంటిగంటకి వాళ్ళు భోజనానికి లేస్తే మాకు పని మొదలయ్యేది. రెండున్నరకి మళ్ళీ రంపం. ఆ గంటన్నరలో పాట ఒడ్డెక్కాలి. గోడలకి బొంతలు, కిటికీకి అడ్డంగా పరుపు, తలుపు కింద సందులో నాన్న పాత చొక్కాలు. నాన్న టేపు మిషన్ దగ్గర, అత్త పియానో దగ్గర. ఆ పియానో ఏదో మూతపడ్డ సినిమాహాల్లోది. ఎలుకలు కాపురం పెట్టిన డొక్కు. అత్త దాన్ని విప్పి, తుడిచి, తీగలు మార్చి మనిషిని చేసింది.

అత్త నాన్నకి చెల్లెలు. అప్పటికి తనకి పంతొమ్మిది, నాకు ఏడు. అమ్మ పోయిన ఏడాది. నన్ను ఎక్కడ ఉంచాలో తెలీక పియానో కింద కూర్చోబెట్టేవాళ్ళు. "పిచ్చుకా, గంటన్నర. నీ నోరు నాకు అప్పివ్వు" అనేది అత్త. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. అక్కణ్ణించి నాకు కనబడేది అత్త కాళ్ళే. కుడికాలు పెడల్ మీద. ఎడమకాలి బొటనవేలితో నా వీపు మీద తాళం వేసేది.

పాడేది కండక్టర్ గారు. నిజంగానే బస్సు కండక్టర్. ఒకరోజు రేడియో బాగుచేయించుకోడానికి వచ్చి, సరిగ్గా పలుకుతోందో లేదో చూద్దామని దానితోపాటు తనూ గొంతెత్తితే, లోపల్నుంచి అత్త పరిగెత్తుకొచ్చి, "ఆ రేడియో ఆపేసి ఈయన్ని ఉంచు అన్నయ్యా" అందట. మా ఇంట్లో వందసార్లు చెప్పుకున్న కథ. అత్త వెళ్ళిపోయాక కూడా చెప్పుకున్నాం. కాకపోతే పరిగెత్తుకొచ్చింది నాన్న అయ్యాడు.

ఫిబ్రవరి 8

సినిమావాళ్ళు "వాన ముందర" పాట అడిగారు. సినిమా మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి వాడుకుంటారట. అన్నయ్య ఆఫీసులో చిన్నపిల్లాడిలా గంతులొక్కటే తక్కువ. ఇది కుదిరితే రికార్డింగు గది నిలబడుతుంది, లేదంటే పాటలన్నీ ఎవరో పెద్ద కంపెనీకి అప్పజెప్పి తాళం వేసుకోవడమే అని ఆర్నెల్లుగా అంటున్నాడు.

వాళ్ళు పంపిన కాగితంలో మాటలు ఎవరివి, ట్యూను ఎవరిది అని రెండు గళ్ళున్నాయి. వాటి కింద ఆ మనిషి గానీ, వారసులు గానీ సంతకం పెట్టాలి. మార్చి పదిహేను లోపల.

"మాటలు రాసింది కండక్టర్ గారేగా, ఆయన పెడతారు. ట్యూనుకి నాన్న పేరు రాసి నువ్వో నేనో పెట్టేద్దాం" అన్నాడు అన్నయ్య.

"అది అత్త ట్యూను అన్నయ్యా."

"అది అందరికీ తెలిసిందే కదా" అన్నాడు, ఫోను తీసుకుంటూ.

ఫిబ్రవరి 9

అందరికీ తెలిసిందే కదా అని ఎవరూ రాయలేదు. అత్త ఉన్నప్పుడు వచ్చినవి అరవైకి పైన రికార్డులు. అన్నిటి మీదా సంగీతం అన్న మాట పక్కన నాన్న పేరే.

ఫిబ్రవరి 12

అత్త ఎందుకు వెళ్ళిపోయిందో ఒకసారి వరసగా రాసి పెట్టుకుంటాను.

"వాన ముందర" అచ్చుకి వెళ్ళబోతోంది. అత్త అప్పటికి పదిహేనేళ్ళుగా ట్యూన్లు కడుతోంది. ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆ రోజు అడిగింది. "ఈ ఒక్కదాని మీద నా పేరు వెయ్యి అన్నయ్యా" అని. నాన్న "సరే, చూద్దాం" అన్నాడు. నాన్న "చూద్దాం" అంటే సగం ఒప్పుకున్నట్టే. రికార్డు మధ్యలో అంటించే గుండ్రటి లేబుల్‌కి కావలసిన వివరాలు టైపు చేసేది నేను. నాకప్పుడు ఇరవై రెండు. అత్త పేరు టైపు చేశాను. ప్రెస్‌కి తీసుకెళ్ళిందీ నేనే. అచ్చయి వచ్చేసరికి నాన్న పేరుంది.

ప్రెస్ వాళ్ళ పొరపాటు. అన్నేళ్ళ అలవాటు కొద్దీ వేసేశారు.

అత్త లేబుల్ పట్టుకుని నాన్న దగ్గరికి వెళ్ళింది. ఆయన భోజనం చేస్తున్నాడు. "నువ్వు మార్పించావా?" అని అడిగింది. నాన్న తలెత్తకుండా, "ఎవరు మార్చినా సరిగ్గానే మార్చారు" అన్నాడు. అత్త లేబుల్ అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి ఒక సూట్‌కేసుతో వెళ్ళిపోయింది. పక్క మడతపెట్టి ఉంది. ముప్పై అయిదేళ్ళయింది.

ప్రెస్ వాళ్ళ పొరపాటు.

ఫిబ్రవరి 16, గురువారం

కండక్టర్ గారు వచ్చారు. ఎనభై దాటినా గురువారం గురువారం వచ్చి, కొత్తగా ఏం పని జరుగుతోందో విని, టీ తాగి వెళ్తారు. సినిమావాళ్ళ కాగితం మీద సంతకం పెడుతూ, రెండో గడిలోకి తొంగి చూసి, "ఇది ఖాళీగా ఉందేమ్మా?" అన్నారు.

"అత్త ఎక్కడుందో మీకేమైనా తెలుసా?" అన్నాను. ఎలా వచ్చేసిందో నోట్లోంచి వచ్చేసింది.

ఆయన కలం మూతపెట్టి జేబులో పెట్టుకున్నారు. "తెలీకపోవడమేం. మన రికార్డు వచ్చినప్పుడల్లా పోస్టులో పంపిస్తూనే ఉన్నాగా."

"ఇన్నేళ్ళ నుంచా?"

"ఇన్నేళ్ళ నుంచే."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"అడిగితే చెప్పేవాణ్ణమ్మా. ఎవరూ అడగలేదు."

రైల్లో రెండు గంటల దూరమట. రెండే గంటలు. వినికిడి మిషన్లు అమ్మే షాపులో పనిచేస్తోందట. ఈ వయసులోనూ మధ్యాహ్నం దాకా వెళ్తుందట. చిరునామా నా చేత్తోనే రాయించారు, తను రాస్తే డాక్టరు చీటీలా ఉంటుందని.

ఫిబ్రవరి 17

నాన్న బాధపడతాడని ఇన్నాళ్ళూ అడగలేదు.

నాన్న పోయి ఏడాది దాటింది.

ఫిబ్రవరి 21, మంగళవారం

వెళ్ళాను. షాపు మూసి ఉంది. వచ్చేశాను.

ఫిబ్రవరి 22

"మంగళవారం పూట షాపు మూసుకున్నారా?" అన్నాడు అన్నయ్య. ఆ ఊళ్ళో అలాగే ఉంటుందేమో అన్నాను. అన్నయ్య నా మొహంలోకి చూశాడు. సంగీతం కంపెనీలో పుట్టి శ్రుతికీ అపశ్రుతికీ తేడా తెలియని మనిషని అందరూ ఏడిపిస్తారు. నా గొంతులో మాత్రం ఇట్టే పట్టేస్తాడు.

ఫిబ్రవరి 24

షాపు మూసి లేదు.

స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. ఇరుకు వీధి. చెప్పుల షాపు, తాళాలు చేసే అతను, దాని పక్కన అద్దాల తలుపు. ఎదురు అరుగు మీద నిలబడ్డాను. అద్దంలోంచి లోపలంతా కనబడుతోంది. ఒక ముసలాయన చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకెదురుగా ఒక తెల్లజుట్టావిడ. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ముందు గుర్తుపట్టలేదు. ఆవిడ మిషన్ మీద ఏదో తిప్పి, ఆయన మొహంలోకి చూస్తూ, తన చూపుడువేలు కొంచెం పైకెత్తి ఆగింది. వినబడగానే చెప్పండి అన్నట్టు.

ఆ వేలు చూసి గుర్తుపట్టాను. గదిలో టేపు తిరగడం మొదలయ్యాక, మొదటి స్వరం కొట్టబోయే ముందు, సరిగ్గా అలాగే ఎత్తేది. ఆ వేలు దిగేదాకా మేమెవరం ఊపిరి తీసేవాళ్ళం కాదు.

ఆ ముసలాయనకి వినబడినట్టుంది, తలూపాడు. అత్త నవ్వింది. ఇంత అందంగా నవ్వేదని నాకు గుర్తులేదు. గుర్తుంది.

రోడ్డు దాటితే పన్నెండడుగులు. నలభై నిమిషాలు నిలబడి స్టేషన్‌కి తిరిగొచ్చాను.

ఫిబ్రవరి 25

"వాన ముందర" అసలు టేపు ఇవాళ మిషన్ మీద ఎక్కించాం. మూడో చరణంలో పెడల్ కిర్రుమన్న చప్పుడు ఒకటుంది. మన సౌండు ఇంజనీరు, "ఇది తీసేయొచ్చు మేడమ్, రెండు నిమిషాల పని" అన్నాడు. "ముట్టుకోకు!" అని అరిచాను. పాపం బిత్తరపోయాడు. తర్వాత వెళ్ళి సారీ చెప్పాను. కారణం మాత్రం చెప్పలేదు. అది అత్త కాలు.

ఫిబ్రవరి 26

అత్త తల దువ్వితే నొప్పి పుట్టేది కాదు. చిక్కు వచ్చినప్పుడు కుదుళ్ళ దగ్గర గట్టిగా పట్టుకుని కింద దువ్వేది. పదిహేనేళ్ళొచ్చాక నేనే దువ్వుకుంటానని మొరాయించాను. ఎందుకు మొరాయించానో.

ఫిబ్రవరి 27

ప్రెస్ వాళ్ళ పొరపాటు కాదు.

కౌంటరు దగ్గర ప్రెస్ ఆయన నా కాగితం చూసి, "ఇదేంటి, పేరు మారింది. నాన్నగారికి తెలుసా?" అన్నాడు. తెలుసు అన్నాను. ఆయన కాగితం లోపలికి తీసుకెళ్ళబోతుంటే, "ఒక్క నిమిషం" అని వెనక్కి తీసుకుని, ఆయన జేబులో కలమే అడిగి, అత్త పేరు కొట్టేసి పక్కన నాన్న పేరు రాశాను. ఇంటికొచ్చాక అచ్చయిన లేబుల్ చూసి అందరితోపాటు నేనూ ఆశ్చర్యపోయాను. "ప్రెస్ వాళ్ళు పొరపాటు చేసుంటారు అత్తా" అన్నాను. ప్రెస్‌లోనే మారిందని అత్త నమ్మింది, నేను చేశానని కలలో కూడా అనుకోలేదు. కానీ ప్రెస్ వాళ్ళకి అలా వేయమని చెప్పిందెవరా అని నాన్న దగ్గరికి వెళ్ళింది.

నాన్నంటే భయం వేసి అలా చేశాను.

మార్చి 1

నాన్నంటే నాకు ఎప్పుడు భయం? జీవితంలో నన్ను ఒక్కసారి కసురుకున్న మనిషి కాదు.

ఇది కూడా రాసేస్తాను. ఆ రోజు ప్రెస్ ఆయన, "ఈ పాట మొన్న మీ నాన్నగారు వినిపించారమ్మా, అద్భుతం. ఈ పేరు బయటికి రానీ, పెద్ద కంపెనీల వాళ్ళు మీ అత్తగారి కోసం కార్లేసుకుని వస్తారు" అన్నాడు. మెచ్చుకోడానికే అన్నాడు. నాకు మాత్రం కారు కనబడింది. కారులో వెనక సీట్లో అత్త కనబడింది. అత్త లేని గది కనబడింది. అంతే. కలం అడిగాను.

పేరు లేకపోతే ఎక్కడికీ వెళ్ళదు అనుకున్నాను.

నాన్న ఆఖరి వారం ఆస్పత్రిలో, తలుపు చప్పుడైనప్పుడల్లా, "ఎవరొచ్చారు?" అనేవాడు. నర్సు నాన్నా అనేదాన్ని. అన్నయ్య నాన్నా అనేదాన్ని. ఆయన ఎవరి కోసం అడుగుతున్నాడో నాకు తెలుసు. అత్త ఎందుకు రాదో కూడా నా ఒక్కదానికే తెలుసు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నర్సు నాన్నా అన్నాను.

మార్చి 2

రైలు పొద్దున్న ఏడూ పదికి.

మార్చి 4, శనివారం

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. అత్త ఒక్కతే ఉంది. ఏదో కార్డు మీద రాసుకుంటూ, తలెత్తకుండానే, "కూర్చోండి. ఏ చెవి?" అంది.

"రెండూ బాగానే ఉన్నాయత్తా."

కలం ఆగింది. కళ్ళజోడు తీసింది, మళ్ళీ పెట్టుకుంది.

"పిచ్చుకా" అంది. తర్వాత, "లావయ్యావే" అంది.

ఏడుద్దామని ముప్పై అయిదేళ్ళ నుంచి దాచుకున్నదాన్ని, ఆ మాటకి ఫక్కున నవ్వాను. అత్త నవ్వలేదు. తలుపుకి "మళ్ళీ వస్తాం" అన్న బోర్డు తగిలించి, నా చెయ్యి పట్టుకోకుండా, నేను వెనక వస్తున్నానో లేదో చూసుకుంటూ నడిచింది. ఇల్లు చెప్పుల షాపు పైన. రెండు గదులు. మంచం, బల్ల, ఒక రేడియో. పియానో లేదు. గోడ పొడుగునా అరలో మన రికార్డులు, అన్నీ, వచ్చిన వరసలో.

"రికార్డు ప్లేయర్ ఏదత్తా?"

"లేదు."

"మరి ఎలా వింటావు?"

"వినను. వెనక చదువుతాను." ఒకటి తీసి, అట్ట తిప్పి, కింద అంచున వేలు పెట్టింది. "ఏర్పాట్లు అని ఇక్కడ చిన్నక్షరాల్లో నీ పేరు వేస్తారుగా. పేరు ఉందంటే బాగున్నావన్నమాట. ఒక ఏడాదిన్నర ఏదీ రాలేదు. ఆ ఏడాదిన్నరా పోస్టుమాన్ని పీక్కు తిన్నాను."

ఆ ఏడాదిన్నర నాన్న గుండె ఆపరేషను. నేను బాగానే ఉన్నాను. నాకేం తెలుసు, నా పేరు ఒకచోట ఎవరో వెతుక్కుంటున్నారని.

కాఫీ ఇచ్చింది. నేను సినిమావాళ్ళ కాగితం తీశాను. చదివి నవ్వింది. ఈ నవ్వు షాపులో చూసింది కాదు.

"మీ నాన్న పేరే రాసెయ్యండి. బతికున్నప్పుడు పనిగట్టుకుని కొట్టేయించాడుగా, పోయాక మళ్ళీ మార్చడమెందుకు?"

"నాన్న కాదత్తా."

"ఏమిటి?"

"కొట్టేసింది నాన్న కాదు. నేను."

అత్త కాగితం బల్ల మీద పెట్టింది. "ప్రెస్ వాళ్ళన్నావు."

"అబద్ధం చెప్పాను."

"అన్నయ్య కాదా?"

"కాదు. నాన్నకి తెలీదు కూడా. నువ్వు అడిగేదాకా ఆయన లేబుల్ చూడనేలేదు."

"అన్నయ్య కాదా?" అంది మళ్ళీ, నన్ను కాదు, అరలోకి చూస్తూ.

ఎందుకు చేశావంటే చెప్పాను. కారు సంగతి, ఖాళీ గది సంగతి. చెబుతుంటే నాకే ఎంత చిన్నపిల్లల మాటలా వినబడిందో. యాభై ఏడేళ్ళ దాన్ని ఒక పరాయి ఇంట్లో కుర్చీలో కూర్చుని, నువ్వు వెళ్ళిపోతావని భయమేసింది అని చెబుతున్నాను. పరాయి ఇల్లు అని రాశాను. అదే నిజం, నేనెప్పుడూ చూడలేదుగా.

 కింద చెప్పుల షాపులో ఎవరో మేకు కొడుతున్నారు.

"నువ్వని తెలిస్తే వెళ్ళేదాన్ని కాదే" అంది చివరికి. "రెండు చెంపలూ వాయించి, వారం రోజులు మాట మానేసి, అక్కడే ఉండేదాన్ని. పిల్లముండ చేసిన పనికి ఎవరైనా ఇల్లు విడిచిపెడతారా? నీతో పోట్లాడ్డానికైనా ఉండిపోయేదాన్ని. అన్నయ్య అనుకున్నాను కాబట్టి వెళ్ళాను."



"ఆయన పోయినప్పుడు కండక్టర్ ఫోన్ చేశాడు. తయారై స్టేషన్‌కి వెళ్ళాను. టికెట్ కూడా కొన్నాను. నా పేరు కొట్టేసిన మనిషి మొహం ఇప్పుడు చూడ్డానికి వెళ్ళాలా అనుకుని ఆ బెంచీ మీదే కూర్చుండిపోయాను. రైలు వెళ్ళిపోయింది."

లేచి తలుపు తీసింది.

"ఇంక వెళ్ళు."

"అత్తా..."

"వెళ్ళవే. ఆ కాగితం అక్కడ ఉంచు. నువ్వు మాత్రం వెళ్ళు."

మార్చి 5

ఆవిడ చేతులు చూడ్డం మర్చిపోయాను. ఎంతసేపూ మొహమే చూశాను.

మార్చి 7

అన్నయ్యకి చెప్పాను. మొత్తం. ఆఫీసులో, మధ్యాహ్నం, తలుపు వేసి. అరుస్తాడనుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు ఫ్యాను కేసి చూశాడు.

"నాన్న ఆవిడ కోసం రెండుసార్లు వెతికాడు, తెలుసా?" అన్నాడు. "నీకు చెప్పొద్దన్నాడు. దొరకలేదు. దొరికినా ఏమనేవాడో ఆయనకే తెలీదు. 'సరిగ్గానే మార్చారు' అన్నానురా, ఆ మాట వెనక్కి తీసుకోవడం ఎలారా అనేవాడు."

"కండక్టర్ గారిని అడిగుంటే..."

"గుమ్మంలో ఉన్న మనిషిని ఎవరడుగుతారే!"

ఇద్దరం నవ్వాం. తర్వాత అన్నయ్య కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు, ఎంతకీ ఆపడు.

"సంతకం పెట్టకపోతే?" అన్నాను.

"పెట్టకపోతే పాట ఇవ్వం. గది మూసేస్తాం" అన్నాడు. "నాన్న పేరు మాత్రం రాయం. ఇంక రాయం."

మార్చి 10

పోస్టు వచ్చింది. కరెంటాఫీసు వాళ్ళది.

మార్చి 11

ఏమీ లేదు.

మార్చి 12

ఆదివారం. పోస్టు రాదని తెలిసీ రెండుసార్లు కిందకి దిగి పెట్టె చూసొచ్చాను.

మార్చి 14

వచ్చింది. కాగితం మీద రెండో గడిలో అత్త పేరు, అత్త సంతకం. ఎప్పుడూ అచ్చులో చూడని పేరు. అన్నయ్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తడారని ఫొటోని తీసుకెళ్ళినట్టు సినిమావాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాడు.

కవర్లో ఇంకో మూడు కాగితాలున్నాయి. ఆ పదిహేనేళ్ళలో వచ్చిన పాటలన్నీ వరసగా రాసి, ఏది ఎవరిదో చెప్పింది. చాలా మటుకు "నాది". అయిదింటి పక్కన మాత్రం "అన్నయ్యది". ఒకదాని దగ్గర, "పల్లవి అన్నయ్యది, చరణం నాది. పల్లవే బాగుంటుంది" అని రాసింది. అడుగున, "అన్నయ్య పాటలకి నా పేరు వేస్తే ఊరుకోను" అని గీత గీసింది.

నాన్న ట్యూన్లు కట్టాడని నాకిప్పటిదాకా తెలీదు. అన్నీ ఆయన పేరుతోనే ఉండడం వల్ల, ఆయనవి ఏవో కూడా ఎవరికీ తెలీకుండా పోయాయి.

ఇంకేమైనా రాసిందేమోనని కవరు చింపి లోపలంతా చూశాను. మూడో కాగితం వెనక ఉంది. "ఆదివారం షాపు సెలవు. రా."

మార్చి 16

నాలుగు పేజీలూ రాసి అన్నయ్యకిచ్చాను. నిలబడే చదివాడు. మధ్యలో ఆగి, "రేడియో దగ్గరికి పరిగెత్తుకొచ్చింది అత్తా?" అన్నాడు. అన్నయ్యకి నిజంగానే గుర్తులేదు. అప్పటికి పదకొండేళ్ళు వాడికి, గదిలోనే ఉన్నాడు, కళ్ళారా చూశాడు. మేము చెప్పుకుని చెప్పుకుని వాడి కళ్ళే మార్చేశాం.

నేను చేసిందీ రాశాను. ఒక పేరా. అన్నయ్య అది తీసేద్దామన్నాడు. వద్దన్నాను.

ఎల్పీ లేబుల్ కాగితం ప్రెస్‌కి నేను తీసుకెళ్ళలేదు. అన్నయ్యని తీసుకెళ్ళమన్నాను.

మార్చి 20, సోమవారం

నిన్న రాయడానికి ఓపిక లేకపోయింది.

అన్నయ్య వస్తానన్నాడు, ఈసారికి వద్దన్నాను. తలుపు తట్టాను. చెప్పులు కూడా విప్పనివ్వలేదు.

"అబద్ధం చెప్పేటప్పుడు నా మొహంలోకి చూసే చెప్పావు గదే!" అని మొదలుపెట్టింది. వారం రోజులుగా సిద్ధం చేసుకున్నట్టుంది. నా అబద్ధం అయ్యాక నాన్న మీదికి వెళ్ళింది. ఆయన అన్న ఆ ఒక్క మాట మీదికి. అది అయ్యాక పియానోకి తడి తగలనిచ్చారా లేదా, కిటికీ పక్క నుంచి జరిపారా లేదా. జరపలేదంటే నెత్తి కొట్టుకుంది. ఆ తర్వాత అరలోంచి రికార్డులు ఒక్కొక్కటే లాగి, దీని మీద డ్రమ్ములాయన పేరు తప్పు అచ్చేశారు, దీని మీద కోరస్ పిల్లల పేర్లు అసలు వెయ్యనే లేదు, ఇన్నేళ్ళొచ్చినా మీ కంపెనీకి బుద్ధి రాలేదా అని, అన్నీ మంచం మీద పడేసింది.

తల వంచుకుని వింటూనే ఉన్నాను. అన్నిటికీ అవునత్తా, తప్పేనత్తా. అక్కడిదాకా బాగానే ఉంది. "ఒక్క రోజైనా నన్ను తలుచుకున్నావా?" అంది. అప్పుడు నాకేమైందో నాకు తెలీదు.

"నువ్వు తలుచుకున్నావా?" అని అరిచాను. "ఒక్క ఉత్తరం రాశావా? నాన్న మీద కోపమైతే నాన్నని వదిలెయ్, నేనేం చేశాను? నువ్వనుకున్న లెక్క ప్రకారం నేను నీకేమీ చెయ్యలేదుగా! నా పేరుతో ఒక్క ముక్క రాయడానికి నీకు ముప్పై అయిదేళ్ళు చాలలేదా? అమ్మ పోయింది. తర్వాత నువ్వు పోయావు. లేచేసరికి పక్క మడతపెట్టి ఉంది. లేపి చెప్పావా? రెండు గంటల దూరంలో కూర్చుని అట్టల వెనక నన్ను చదువుకుంటావా?"

అత్త చేతిలో రికార్డు అలాగే ఉండిపోయింది. నేను ఆపలేదు. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. తల దువ్వడం గురించి కూడా ఏదో అన్నాను.

తలుపు దగ్గర చప్పుడైంది. కింద చెప్పుల షాపాయన, భయం భయంగా. "అంతా బాగానే ఉందాండీ?"

"మా అన్నయ్య కూతురండీ" అంది అత్త. "పోట్లాడుకుంటున్నాం. మీరు వెళ్ళండి."

ఆయన వెళ్ళాడు. అత్త మంచం మీద రికార్డులు పక్కకి నెట్టి చోటు చేసుకుని కూర్చుంది.

"లేపుదామనే వచ్చాను" అంది. "నీ పక్కన కాసేపు కూర్చున్నాను కూడా. లేపితే వెళ్ళలేనని లేపలేదు. ఉత్తరం రాస్తే తిరిగొచ్చేస్తానని రాయలేదు. అది తప్పే. నీది ఎంత తప్పో నాదీ అంత తప్పు. కాదు, నీదే కొంచెం ఎక్కువ."

"కొంచెమేనా?"

"నోర్ముయ్. ఇంకా అవలేదు."

నిజంగానే అవలేదు. భోజనం పెట్టుకుంటూ పోట్లాడుకున్నాం. గిన్నెలు కడుగుతూ పోట్లాడుకున్నాం. స్టేషన్‌కి నాతోపాటు నడుస్తూ, దారిలో తాళాలు చేసే అతనికి నన్ను చూపించి, "ఇది మా పిచ్చుక" అని పరిచయం చేసి, మళ్ళీ అందుకుంది. రైలు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "వచ్చే ఆదివారం మీ అన్నని కూడా తీసుకురా. వాడితో వేరే ఉంది" అంది.

గొంతు పూర్తిగా పోయింది. ఇంటి తలుపు తీస్తూనే అన్నయ్య, "ఏమంది? వస్తానందా? తిట్టిందా?" అని అడుగుతూనే ఉన్నాడు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అన్నయ్య కంగారుపడిపోయి నీళ్ళు తెచ్చాడు, కుర్చీ లాగాడు, డాక్టర్ని పిలవమంటావా అన్నాడు. నేను నవ్వుతున్నానని వాడికి అర్థమవడానికి చాలాసేపు పట్టింది.